పరిగె లేని చేను

"రైతులకు అవగాహన లేదు" అనే మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుద్ది. మందు పనిచేయకపోతే మాకు అవగాహన లేదు. విత్తనం మొలవకపోతే మాకు అవగాహన లేదు. కాలవకి నీళ్ళు రాకపోయినా చివరికి తప్పు మా అవగాహనదే. వేదికల మీద కూర్చునేవాళ్ళు అన్నంతకాలం దులుపుకుని పోయాను. ఒక్క మనిషి నోట మాత్రం ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ మనిషి సత్తెనపల్లి వైపు బస్సు కండక్టరు కూతురు. మొదటిసారి మా ఊరొచ్చినప్పుడు ఇంకా పరిశోధన చేస్తున్న విద్యార్థిని. భుజాన ఒక సంచీ, చేతిలో మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. గురజాల నుంచి ఆటోలో వచ్చి, నేరుగా పత్తి తీసే ఆడవాళ్ళ దగ్గరికి పోయి, "పురుగు పట్టిన కాయలుంటే పారేయకుండా నాకివ్వండి" అని అడిగింది. వాళ్ళు తీత ఆపి మరీ నవ్వారు.

"మేం పురుగు చావాలని మందు కొట్టలేక చస్తంటే, నువ్వు తీసకపోయి సాక్కుంటావా అమ్మాయ్?"

"సాకుతా అమ్మమ్మా. ఏం తింటే చస్తయ్యో చూడాలంటే ముందు సాకాలి గదా."

మాటకి మాట చెప్పగల పిల్ల. నాకు నచ్చింది. ఊరు మాత్రం ఆ రోజు నుంచీ ఆమెను పురుగుల పిల్ల అనే పిలిచింది.

ఎండకు ఆగలేక మధ్యాహ్నం మా వసారాలో కూర్చునేది. నేను అయిదో క్లాసుతో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది పురుగుమందు డబ్బాల మీద. డబ్బాకి అంటించిన కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలుంటాయి. భూతద్దం పెట్టుకుని, ఏది ఏ పురుగుకో, ఏది మనిషికి ముప్పో కూడబలుక్కుని చదివేవాణ్ణి. అట్లా మొదలైన చదువు మాచర్ల లైబ్రరీ దాకా పోయింది. ఊళ్ళో వాళ్ళకి అది పెద్ద వేళాకోళం. ఈ పిల్ల మాత్రం నవ్వలేదు. డబ్బాల పక్కన నా భూతద్దం చూసి, "మీ దగ్గరా ఉందే ఇది!" అని సంబరపడింది. ఆ పూటే నన్ను పెదనాన్నా అంది.

"మాలిక్యులర్ బయాలజీ అంటే ఏందమ్మా?" అని అడిగాను.

"ఇంతకాలం మీరు మొక్కని చూసి విత్తనం ఎంచుకున్నారు. మేం మొక్క లోపల రాసున్నదాన్ని చూస్తాం. ఏ ముక్క ఏ పని చేయిస్తందో చూసి, కావాల్సిన ముక్కని ఇంకో మొక్కలో పెడతాం."

"ఎట్టా పెడతారు? సూదితోనా?"

"మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంటది పెదనాన్నా. మొక్కకి గాయమైన చోట దూరి తన జన్యువు ముక్క దాంట్లోకి ఎక్కిస్తది. అప్పుడు ఆడ బుడిపె లేస్తది. మేం ఆ సూక్ష్మజీవిలో దాని సరుకు తీసేసి మా సరుకు పెట్టి పంపుతాం."

"అంటే దొంగ చేత మన మూట మోయిస్తారన్నమాట."

ఆమె అన్నం తినటం ఆపి నవ్వింది. "మా సారుకు కూడా ఇంత తేలిగ్గా చెప్పటం రాదు."

అది మొదలు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా నాకోసం తెలుగులో ఉన్న సైన్సు పుస్తకాలు తెచ్చేది. నేను ప్రశ్నలు దాచిపెట్టుకుని అడిగేవాణ్ణి. ఒకసారి వాళ్ళ ల్యాబుకి కూడా తీసుకుపోయింది. వేడిచేసి చల్లార్చి, వేడిచేసి చల్లార్చి, ఒక జన్యువు ముక్కని లక్షలుగా చేసే మిషను చూపించింది. జిగురులాంటి పలక మీద వెలిగే గీతలు చూపించి, "ఈ గీత ఉంటే మనది దూరినట్టు, లేకపోతే లేనట్టు. దీనికి అబద్ధం తెలవదు" అంది. సీసాల్లో పత్తి మొక్కలు, గోరంత ఆకులతో, వరసలు వరసలుగా ఉన్నాయి. కరెంటు పోయి ఏసీ ఆగిపోతే ఆ సీసాలన్నీ బూజు పట్టి రెండేళ్ళ కష్టం పోయిందని చెప్పింది. పంట పోయిన వాడి గొంతు నాకు తెలుసు. అదే గొంతు.

ఆమెది ఉద్యోగం అనటానికి లేదు. ప్రాజెక్టు ఉన్నంతకాలం జీతం. ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ దరఖాస్తులు. తన కంటే వెనక వచ్చిన మగపిల్లలు పర్మనెంటు అయిపోతున్నారు. పని ఆమె చేస్తే కాగితం మీద ముందు పేరు సారుది. "నేను కౌలురైతునే పెదనాన్నా. చేను మనది కాదు, ఏటేటా అడుక్కోవాలి" అనేది. ఆ మాటకి నేను పడిపోయాను. మనలో మనిషి అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "చచ్చింది పెదనాన్నా! చచ్చింది!" అని అరిచింది. ఫోను స్పీకర్లో ఉంది. మా ఇంటిది పొయ్యి దగ్గర నుంచి గరిటెతో పరిగెత్తుకొచ్చి "ఎవురయ్యా పోయింది?" అంది. పోయింది గులాబీ రంగు పురుగు. పాత బీటీ పత్తిని కూడా లెక్కచేయకుండా కాయలో దూరి మా కొంపలు ముంచిన పురుగు, ఈమె చేసిన మొక్క కాయ కొరికి చచ్చింది. ఆ రోజు మా ఇంటిది పాయసం చేసింది. పురుగు చావుకి పాయసం తాగింది ఈ జిల్లాలో మేమే అయ్యుంటాం.

ఇక ఆ పత్తిని బయట చేలో వేసి చూడాలి. దానికి సవాలక్ష నిబంధనలు. దగ్గరలో ఇంకెవరి పత్తీ ఉండకూడదు. నాకు నాపరాయి గుంటల అవతల ఒక చెక్క భూమి ఉంది. చుట్టూ రాయి తవ్వేసిన గోతులు, ఒక పక్క మాత్రం మిరప చేలు. ఆ మిరప రైతుల్ని ఇంటింటికీ పోయి బతిమాలాను, ఈ ఏడాది పత్తి జోలికి పోవద్దని. వాళ్ళు నా మొహం చూసి సరేనన్నారు. ఇనప జాలీ వేశారు, గేటు పెట్టారు, తాళం వేశారు. తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి ఆమె దగ్గర. పైరు అద్భుతంగా వచ్చింది. పక్క ఊళ్ళలో కాయ విప్పితే పురుగు. మా కంచెలో కాయ విప్పితే తెల్లగా దూది.

చిక్కొచ్చింది చివర్లో. తీసిన పత్తంతా సంచుల్లో కట్టి, సీలు వేసి, వాళ్ళ సంస్థకు పంపారు. మిగిలిన మొక్కల్ని పీకి, అక్కడే తగలబెట్టాలి. ఒక్క గింజ, ఒక్క పుల్ల బయటికి పోగూడదు. మా వైపు ఆఖరి తీత అయ్యాక చేను పరిగె వాళ్ళది. చెట్టున మిగిలిన సగం విచ్చిన కాయలు, కింద రాలిన దూది, వాళ్ళు ఏరుకుంటారు. పత్తి కట్టె పొయ్యిలోకి తీసుకుపోతారు. ఆసామి చూస్తా కూడా చూడనట్టు పోవాలి. అది మర్యాద.

పరిగె వాళ్ళకి పెద్ద మా వీధిలో ఉండే ఒక ఆవిడ. చుట్టరికం లేకపోయినా వదిన అంటాను. మొగుడు పోయిన మనిషి. మొక్కలు పీకే రోజున నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని గోతాలతో వచ్చి గేటు ముందు నిలబడింది.

"ఏందయ్యా, చేనికి తాళమేందీ? దూడేమన్నా తప్పించుకుపోద్దా?"

"వదినా, ఈ ఏడాది దీంట్లో పరిగె లేదు."

"మీ నాయన పోయిన ఏడాది కూడా ఉంది పరిగె. తుపానొచ్చి ఊరంతా పడుకున్న ఏడాది కూడా ఉంది. ఇప్పుడెవురు పోయారని?"

పురుగుల పిల్లే గేటు దగ్గరికొచ్చి చెప్పబోయింది. "అమ్మమ్మా, ఇది ప్రయోగం చేను. దీంట్లోది బయటికి పోగూడదు."

"తాకితే చస్తామా?"

"ఛీ, అదేం లేదు."

"పోనీ మేకలు చస్తయ్యా?"

"చావవు అమ్మమ్మా. అనుమతి లేదు, అంతే."

"రాలిన దూదికి అనుమతేందే తల్లీ!" అని నోరు నొక్కుకుంది. అసలు పరిగె అంటే ఏందని ఆ పిల్ల అడిగితే, గేటుకి అటొకరు ఇటొకరు నిలబడి, వదిన ఓపిగ్గా చెప్పింది, ఎప్పుడొస్తారో, ఏం తీస్తారో, ఏం తీయకూడదో. అంతా విని పిల్ల గేటు సందులోంచి వదిన చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికి ఆగండి. రేపు ఇది విత్తనమై వస్తే ముందు మీ ఊరికే. మీకు మందు వాసన ఉండదు, పురుగు కాయ ఉండదు."

వదిన నా వైపు చూసింది. "ఆ పిల్ల మాట నాకు తెలవదయ్యా. నీ మొహం చూసి పోతన్నా."

పోలేదు. గట్టు మీద కూర్చున్నారు. మొక్కలు కుప్పవేసి నిప్పు పెడితే, దూది భగ్గున అంటుకుని రేగింది. మంట ఆరి బూడిదయ్యేదాకా ఆ ఆడవాళ్ళు కళ్ళప్పగించి చూశారు. పురుగుల పిల్ల నా పక్కనే నిలబడి చూసింది. ఆ చేలోంచి ఒక్క కాయ ఎవురూ పట్టుకుపోలేదని తెలిసిన వాళ్ళం, మేమిద్దరం.

మరుసటి ఏడు విత్తనాల కాలంలో పేరూ ఊరూ లేని ప్యాకెట్లు దిగాయి. చాటుమాటుగా అమ్ముతున్నారు. పురుగు పట్టదంట, కంచె చేను విత్తనం అంట. పై అధికారులు ప్యాకెట్లు పట్టుకుని పరీక్ష చేయిస్తే ఆమె పెట్టిన జన్యువే బయటపడింది. విచారణ అన్నారు.

ఆమె ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "పెదనాన్నా, మా షెడ్డులోనే పోయింది. గింజ ఒలిచేటప్పుడు సంచులు తూస్తే తగ్గినయ్. సీళ్ళు మళ్ళీ వేసినట్టున్నయ్. మా వాళ్ళ పనే. సారుకు చెప్పా. నోరు మూసుకోమన్నారు."

"నువ్వు మూసుకోబాక. చెప్పు."

"చెప్తే ప్రాజెక్టు పోద్ది. పోస్టుకి ఇంటర్వ్యూ వచ్చే నెలే ఉంది పెదనాన్నా. ఈసారి పోతే నాకు వయసు దాటిపోద్ది."

"అబద్ధం తెలవని మిషను దగ్గర పనిచేసే దానివి. చెప్తావులే" అన్నాను. నమ్మే అన్నాను.

విచారణ గురజాలలో ఒక ఆఫీసు గదిలో పెట్టారు. బల్ల అవతల ముగ్గురు పెద్ద అధికారులు, అందరూ పై ఊళ్ళ వాళ్ళు. ఒక పక్క సారు, ఆయన పక్కన ఈమె. తల దించుకుని ఫైలు తిప్పుతోంది. నన్ను నిలబెట్టి, మధ్యలో ఉన్నాయన అడిగాడు.

"మీ ఊళ్ళో పరిగె అనే ఆచారం ఉందా?"

ఆయన తెలుగు కూడా మన వైపు తెలుగు కాదు. పరిగె అనే మాట పలకటానికే ఇబ్బంది పడ్డాడు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పినట్టు? సారు మా ఊరు రానే రాలేదు. అది తెలిసిన మనిషి ఆ గదిలో నేను కాక ఒక్కతే ఉంది. గేటు సందులోంచి చెయ్యి పట్టుకుని నేర్చుకుంది.

"ఉందయ్యా, తరాల నుంచీ ఉంది. అయితే ఆ ఏడాది..."

"ఉంది" అని పక్కాయనతో రాయించాడు. అంతే. నా మాటలో మిగతా సగం గాల్లోనే ఉండిపోయింది.

"అయ్యా, నేను చెప్పేది పూర్తిగా వినండి. ఆ ఏడాది నేను పరిగె ఆపాను. ఆడవాళ్ళు గట్టు మీదే కూర్చున్నారు. ఈ అమ్మాయి నా పక్కనే ఉంది. అడగండి!"

ఆయన ఆమెను అడిగాడు. ఆమె లేచింది. ఫైలు వైపే చూస్తా చెప్పింది: "మేం ఉన్నంతసేపూ కాల్చటం నిబంధన ప్రకారమే జరిగిందండి. ఆ తర్వాత ఎవరైనా వచ్చారేమో చెప్పలేం. స్థానికులకు ఈ విషయాల్లో అవగాహన తక్కువ."

బూడిదలో ఏం ఏరతారు? ఆ ఒక్క ప్రశ్న బల్ల అవతల ఎవరికీ తట్టలేదు. నేను అరిచాను. అరిచాను గనక నన్ను బయటికి పంపారు. అవగాహన లేనివాడు అరుస్తాడు గదా మరి.

ఆ వారంలోనే పోలీసులు వదిన ఇంటికి వచ్చారు. ఆవిణ్ణి స్టేషనుకు తీసుకుపోయి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. నేను ఎస్సై గారి ముందు ఎంత మొత్తుకున్నా, "నీ సంగతీ చూస్తాం పెద్దాయనా, ముందు కూర్చో" అన్నారు. ఇల్లు సోదా చేశారు. దొరికింది ఒక దిండు. అంతకు ముందెప్పుడో ఏరిన పరిగె పత్తిని చేత్తో ఏకి కుట్టుకున్న దిండు. దాన్ని కోస్తే దూదిలో అక్కడక్కడా గింజ ముక్కలున్నాయంట. దిండుని పరీక్షకి పంపారు. ఆవిణ్ణి ఇంటికి పంపారు. ఆ తర్వాత అవునని గానీ కాదని గానీ చెప్పటానికి ఎవరూ రాలేదు. కేసు ఏమైందో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఊరికి ఒకటే: విత్తనం దొంగతనం మీద పోలీసులు ఆవిణ్ణి తీసుకుపోయారు. పత్తి తీతలకు ఆసాములు ఆవిడ గుంపుని పిలవటం మానేశారు. మిరప కోతలకు వేరే ఊరి కూలీలు ఆటోల్లో దిగారు.

పురుగుల పిల్లకి పోస్టు వచ్చిందని పేపర్లో చూశాను. నా ఫోను ఎత్తటం అప్పటికే మానేసింది.

ఆమెను మళ్ళీ చూసింది కొన్నేళ్ళకి, నరసరావుపేటలో, రైతు సదస్సులో. వేదిక మీద పెద్ద కుర్చీ, మెడలో దండ, వెనక తెర మీద పురుగు బొమ్మ. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చానా బాగా మాట్లాడింది, అది ఒప్పుకోవాలి. ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను లేచాను. మైకు నా చేతికి వచ్చేదాకా ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

"అమ్మా, ఆ కంచె చేలో పరిగె ఏరారా, లేదా? నువ్వక్కడే ఉన్నావు గదా. ఒక్క మాటలో చెప్పు."

వెనక ఎవరో "ఏందంటా?" అన్నారు. మైకు తెచ్చిన కుర్రాడు లాక్కోబోయాడు. నిర్వాహకుడు, "పెద్దాయనా, టాపిక్ మీద అడగండి" అన్నాడు.

ఆమె మంచినీళ్ళు తాగి చెప్పింది: "ఆ విషయం విచారణలో ఉన్నప్పుడే మా వివరాలు ఇచ్చామండీ. తర్వాతి ప్రశ్న."

అండీ.

భోజనాల దగ్గర నన్ను వెతుక్కుంటూ తనే వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "పెదనాన్నా, అందరి ముందూ అట్టా అడిగితే నేనేం చెప్పను?" అంది.

"లేదని చెప్పేదానివి. రెండక్షరాలు."

"నా పరిస్థితి మీకు తెలుసు గదా. ఎన్నేళ్ళు కౌలు మనిషిగా తిరిగానో మీకు తెలుసు. మా నాన్నకు కూడా చెప్పుకోనివి మీకు చెప్పుకున్నా." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు. అందుకే నాకు ఇంకా మండింది. కళ్ళు తుడుచుకుని, "ఆ దిండు శాంపిలు మా ల్యాబుకే వచ్చింది. నేనే చూశా. గీత రాలేదు. మామూలు పత్తే" అంది.

"ఎప్పుడు చూశావు?"

"అప్పుడే. ఆ నెల్లోనే."

"ఎవరికి చెప్పావు?"

"రిపోర్టు పంపామండీ... పంపాం పెదనాన్నా. ఫైల్లో ఉంటది."

"ఫైలు మా వీధిలో ఎవురికీ కనపడదు. ఆమె మొహం కనపడుద్ది. పెదనాన్నా అనే పిలుపు మైకులో పిలవాల్సింది తల్లీ. ఇక్కడ పులిహోర గిన్నెల చాటున వద్దు."

అన్నం తినకుండా బస్సెక్కాను. కోపంలో నేను దిగాల్సిన చోటు దాటి పోయి, నడిచి వెనక్కొచ్చాను. నేరుగా వదిన ఇంటికే పోయాను. గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. దిండులో ఏమీ లేదని తేలిందంట, అప్పట్లోనే తేలిందంట అని చెప్పాను.

"నా దిండులో ఏముందో నాకు తెలవదా?" అంది. తల ఎత్తలేదు. "ఆ సంగతి ఊరికి చెప్పు. నాకెందుకు?"

ఊరికి చెప్పాను. టీకొట్టు దగ్గర చెప్పాను, రామాలయం అరుగు మీద చెప్పాను, చర్చి దగ్గర పాస్టరు గారితో చెప్పి ఆయన చేత చెప్పించాను. విన్నారు. "అట్నా?" అన్నారు. పోలీసులు ఇంటికొచ్చింది కళ్ళతో చూసిన ఊరికి, గీత రాలేదనే మాట ఒక ముసలాడి నోట వింటే ఏం సరిపోద్ది? అది చెప్పాల్సిన నోరు వేరే ఉంది. ఆ నోరు సదస్సుల్లో బిజీగా ఉంది.

ఈ మధ్య నా ఇంకో చేలో ఆఖరి తీత అయింది. చెట్టున కాయలు బాగానే మిగిలాయి. పరిగెకి ఎవరూ రాలేదు. రెండు రోజులు చూసి, నేనే వదిన దగ్గరికి పోయాను.

"వదినా, చేను ఖాళీ అయింది. నీ వాళ్ళని తీసుకుని రా. ఎంతుంటే అంత ఏరుకోండి. కట్టె కూడా మీదే."

అప్పుడు చూసింది నా మొహం. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"పరిగెకి ఒకరు పిలిస్తే పోతారంటయ్యా? మేమే పోతాం, ఎవుర్నీ అడగం. అది మాది గనక. నువ్వొచ్చి పిలిచినాక అది పరిగె కాదు, బిచ్చం."

లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వీధిలోంచే ట్రాక్టరు వాడికి ఫోన్ చేసి, దూది చెట్టున ఉండగానే చేను దున్నించేశాను.